స్టెంట్ ఎంత విచ్చుకుంది?

కొల్లాపూర్ చుట్టుపక్కల ఊళ్లలో ఎవరైనా హైదరాబాద్ పోయి గుండెకు చికిత్స చేయించుకుని వస్తే, చూడవచ్చినవాళ్లు మొదట అడిగే మాట ఒకటే: "ఎన్ని స్టెంట్లు పడ్డయ్?" రెండంటే రెండు, మూడంటే మూడు. జబ్బు ఎంత పెద్దదో ఆ సంఖ్యతోనే అంచనా కడతారు. అడగడంలో తప్పేమీ లేదు. అయితే ఆ మనిషి రాబోయే అయిదేళ్లు, పదేళ్లు ఎలా ఉంటాడన్నది స్టెంట్ల సంఖ్య కన్నా మరికొన్ని సంగతుల మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. వేసిన స్టెంట్ పూర్తిగా విచ్చుకుందా? దాని తీగలు రక్తనాళం గోడకు ఆనాయా, లేక మధ్యలో ఖాళీ మిగిలిందా? దాని రెండు కొనలు నాళం బాగున్న చోట ఆగాయా, పూడిక మధ్యలోనే ఆగాయా? మామూలు యాంజియోగ్రామ్ వీటికి నమ్మకంగా జవాబు చెప్పలేదు. నాళం లోపలికి వెళ్లి చూసే పరికరాలు చెప్పగలవు. ఆ చూపు పట్నంలో ఆసుపత్రి పక్కనే ఉండే రోగికి ఎంత అవసరమో, 180 కిలోమీటర్ల దూరం నుంచి వచ్చిపోయే కొల్లాపూర్ రోగికి అంతకన్నా ఎక్కువ అవసరమని నా వాదన.

ముందుగా యాంజియోగ్రామ్ ఏం చూపిస్తుందో తెలియాలి. చేతి మణికట్టు దగ్గరి ధమనిలోంచి సన్నని గొట్టాన్ని గుండె దాకా తీసుకెళ్లి, ఎక్స్‌రేకు నల్లగా కనబడే మందును గుండె ధమనుల్లోకి వదులుతారు. తెర మీద కనిపించేది ఆ మందు నీడ. అంటే రక్తం పారే దారి నీడ మాత్రమే. ఆ దారికి హద్దైన గోడ కనబడదు. కొల్లాపూర్ వాళ్లకు కాలువ సంగతి చెప్పనక్కర్లేదు. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు దగ్గర్లోని ఎల్లూరు పంపుహౌస్ నుంచే బయల్దేరతాయి. గట్టు మీద నిలబడి చూస్తే కాలువలో నీటి వెడల్పు కనిపిస్తుంది. అడుగున ఎంత ఒండ్రు పేరుకుందో, లైనింగ్ ఎక్కడ పగిలిందో కనబడదు. నీళ్లు ఎన్ని పారతాయో లెక్క కట్టాలంటే వెడల్పు, లోతు రెండూ కలిపిన అడ్డుకోత వైశాల్యం కావాలి. యాంజియోగ్రామ్‌ది గట్టు మీది చూపు. పైగా ధమని ఒక మాయ కూడా చేస్తుంది. లోపల కొవ్వు పేరుకునే కొద్దీ గోడ బయటికి సాగి, దారి ఇరుకు కాకుండా చాలాకాలం కాపాడుతుంది. కొవ్వు దాదాపు 40 శాతం చోటు ఆక్రమించేదాకా దారి ఇరుకవదని షికాగోకు చెందిన సీమోర్ గ్లాగోవ్ బృందం 1987లో తేల్చింది. కాబట్టి నీడ నున్నగా ఉన్నంత మాత్రాన గోడ ఆరోగ్యంగా ఉందని అనుకోవడానికి లేదు.

దీనివల్ల స్టెంట్ వేసేటప్పుడు వచ్చే చిక్కు లెక్క వేస్తే తెలుస్తుంది. 3 మిల్లీమీటర్ల స్టెంట్ పూర్తిగా విచ్చుకుంటే దాని అడ్డుకోత వైశాల్యం సుమారు 7 చదరపు మిల్లీమీటర్లు. ధమని గోడలో గట్టిపడిన సున్నం (కాల్షియం) పట్టుకుని అది 2.4 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోయిందనుకుందాం. వ్యాసంలో తగ్గింది అయిదో వంతే, నీడలో ఆ తేడా కంటికి ఆనకపోవచ్చు. వైశాల్యం మాత్రం నాలుగున్నర చదరపు మిల్లీమీటర్లకు పడిపోతుంది, అంటే మూడో వంతుకు పైగా పోయినట్టే. అలా అరకొరగా విచ్చుకున్న స్టెంట్‌లోనే తర్వాత రక్తం గడ్డకట్టే ప్రమాదం, కండ పెరిగి మళ్లీ మూసుకుపోయే ప్రమాదం ఎక్కువ. స్టెంట్ మళ్లీ మూసుకుంటే రోగి తాను మందులు సరిగా వేసుకోలేదేమోనని, తిండి తప్పిందేమోనని తన్ను తానే నిందించుకుంటాడు. మందులు మానడం నిజంగానే ప్రమాదం. కానీ వేసిన రోజే స్టెంట్ సరిగా విచ్చుకోకపోవడం కూడా పెద్ద కారణమేనని అతనికి ఎవరూ చెప్పరు.

లోపలి నుంచి చూసే పరికరాలు రెండు. ఒకటి శబ్ద తరంగాలతో పనిచేసేది, స్టెంట్లు వేసే క్యాథ్ ల్యాబ్ వాళ్లు దాన్ని 'ఐవస్' అంటారు. గర్భిణికి కడుపు మీద పెట్టి చూసే స్కానింగ్ సూత్రమే ఇదీ. ఆ స్కానర్‌ను ఒక మిల్లీమీటరు మందం గొట్టం కొనకు ఎక్కించి ధమనిలోకి పంపుతారు. రెండోది కాంతితో పనిచేసేది, 'ఓసీటీ'. షుగర్ ఉన్నవాళ్లకు ఈ పేరు కొత్త కాదు. కంటి ఆసుపత్రిలో గడ్డం ఆనించి కూర్చోబెట్టి రెటీనాను స్కాన్ చేసేది ఇదే. 1991లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ బృందం ఈ పద్ధతిని లోకానికి చెప్పిన మొదటి పత్రంలోనే, రెటీనాతో పాటు దేహం నుంచి వేరుచేసిన గుండె ధమని ముక్కనూ చిత్రించింది. కన్నూ గుండే మొదటి నుంచీ ఇందులో తోబుట్టువులు.

ఐవస్ చేసేటప్పుడు తెర మీద ఏం కనబడుతుందో దగ్గరగా చూద్దాం. ధమనిలో ముందే ఒక తీగ ఉంటుంది, మందం 0.36 మిల్లీమీటర్లు. దాని మీదుగా స్కానర్ గొట్టాన్ని ఇరుకుచోటు దాటించి, అక్కడి నుంచి మోటారుతో మెల్లగా వెనక్కి లాగుతారు. సెకనుకు అర మిల్లీమీటరో, మిల్లీమీటరో. తెర మీద గుండ్రని బొమ్మ వెలుగుతుంది. నడిమధ్యన నల్లని చుక్క స్కానర్‌ది. దాని చుట్టూ బూడిదరంగులో మెరమెరలాడుతూ కదిలేది రక్తం. దానికి అవతల గోడ పొరలు పొరలుగా. కొవ్వు ఉన్నచోట మెత్తని బూడిద గుట్ట. సున్నం ఉన్నచోట తెల్లగా మిరుమిట్లు గొలిపే గీత, దాని వెనక చీకటి. శబ్దం సున్నాన్ని దాటి పోలేక ఆగిపోయిన గుర్తు అది. గొట్టం వెనక్కి వస్తుంటే ఈ గుండ్రటి బొమ్మలు ఒకదాని వెనక ఒకటి మారుతూ, ధమనిని చక్రాలు చక్రాలుగా తరిగి చూపినట్టు ఉంటుంది. ఓసీటీకి కాంతి కావాలి, రక్తం కాంతికి అడ్డం. అందుకని మందు చిమ్మి రెండు మూడు సెకన్ల పాటు రక్తాన్ని పక్కకు నెట్టి, ఆ కొద్ది వ్యవధిలోనే స్కాన్ ముగిస్తారు. కాంతి ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతుకు మించి పోలేదు గానీ చూపు చాలా సూక్ష్మం: 10 నుంచి 20 మైక్రాన్ల తేడాను పసిగడుతుంది. ఈనాటి స్టెంట్ తీగల మందం తల వెంట్రుకంత. ఓసీటీలో ఆ తీగలు ఒక్కొక్కటీ మెరిసే చుక్కలా, తన వెనక ఒక నీడతో కనిపిస్తాయి. ఏ తీగ గోడకు ఆనిందో, ఏది రక్తంలో వేలాడుతోందో లెక్కపెట్టవచ్చు.

ఈ చూపు స్టెంట్ వేయక ముందు ఒక పనికి, వేశాక మరో పనికి వస్తుంది. ముందు చూస్తే నాళం అసలు కొలత తెలుస్తుంది. ఎంత లావు, ఎంత పొడవు స్టెంట్ కావాలో తేలుతుంది. సున్నం చుట్టుకొలతలో సగానికి మించి పాకి, అర మిల్లీమీటరుకన్నా మందంగా, 5 మిల్లీమీటర్లకన్నా పొడవుగా ఉంటే స్టెంట్ విచ్చుకోదని ముందే గ్రహించి, వజ్రపు పొడి పూసిన, గిరగిర తిరిగే చిన్న మొనతో దాన్ని అరగదీయడమో, కిడ్నీ రాళ్లను పగలగొట్టినట్టు తరంగాలతో పగలగొట్టడమో చేస్తారు. ఈ పని స్టెంట్ వేయక ముందే జరగాలి. ఇరుక్కున్న స్టెంట్‌ను బయటికి తీయడమంటూ ఉండదు. ఇక కొనల సంగతి. పాలమూరు మెట్టలో బోరు వేసే ప్రతివాడికీ ఇది తెలుసు: మన్ను, మొరం దాటి గట్టి రాయి తగిలేదాకా కేసింగ్ పైపు దింపాలి. పైపు మొరంలోనే ఆగితే, దాని కొన దగ్గర మన్ను జారి బోరు పూడుతుంది. కేసింగ్ ఎంత మంచి కంపెనీదైనా లాభం లేదు. స్టెంట్ కొన కొవ్వు గుట్ట మధ్యలో ఆగితే జరిగేదీ అంతే. కొన దగ్గర గోడ చిట్లుతుంది, లేదా కొన్నాళ్లకు అక్కడే మళ్లీ పూడుతుంది. గట్టి రాయి ఎక్కడ తగులుతుందో నీడలో తెలియదు.

ఇదంతా ఊహ కాదనడానికి 30 ఏళ్ల చరిత్ర ఉంది. మనిషి గుండెలో మొదటి స్టెంట్లు 1986లో ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ వైద్యులు వేశారు. తొలి రోజుల్లో స్టెంట్లలో రక్తం గడ్డకట్టి చాలామంది ప్రాణం మీదికి వచ్చేది. అది లోహం దోషమని, రక్తాన్ని పలచన చేసే మందులు మరింత గట్టిగా వాడాలని అనుకున్నారు. ఆ మందులతో రక్తస్రావాలు మొదలయ్యాయి. మిలాన్‌లో వైద్యుడు ఆంటోనియో కొలంబో ఐవస్‌తో లోపలికి చూస్తే కనిపించింది వేరు. యాంజియోలో చక్కగా ఉన్న స్టెంట్లు లోపల సగం సగం విచ్చుకుని ఉన్నాయి. ఎక్కువ ఒత్తిడితో బెలూన్ ఊది వాటిని పూర్తిగా విప్పితే ఆ ఘాటు మందుల అవసరమే లేకుండా గడ్డలు తగ్గాయి. 1995లో వచ్చిన ఆ నివేదిక స్టెంట్ చికిత్స దారి మార్చింది. విచిత్రమేమంటే, ఎక్కువ ఒత్తిడి అనే పాఠాన్ని ప్రపంచమంతా నేర్చుకుంది, ఆ పాఠం చెప్పిన చూపును మాత్రం చాలాచోట్ల పక్కన పెట్టింది. ఒత్తిడి పెంచితే చాలుననుకున్నారు. ఒక్కో ధమనికి ఒక్కో కొలత, ఒక్కో రకం సున్నం. ఒకే ఒత్తిడి అందరికీ సరిపోతుందా?

సరిపోదని ఇటీవలి పరిశోధనలు గట్టిగా చెబుతున్నాయి. దక్షిణ కొరియాలో క్లిష్టమైన పూడికలున్న 1,639 మందిని చీటీ వేసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు లోపలి చిత్రాల ఆధారంగా, మరో గుంపుకు యాంజియో ఆధారంగానే స్టెంట్లు వేశారు. 2023లో ఫలితాలు వచ్చాయి. రెండేళ్లకు పైగా గమనించగా గుండె కారణంగా మరణం, ఆ నాళంలోనే గుండెపోటు, ఆ నాళానికే మళ్లీ చికిత్స, ఈ మూడింటిలో ఏదో ఒకటి మొదటి గుంపులో 7.7 శాతం మందికి, రెండో గుంపులో 12.3 శాతం మందికి జరిగింది. గుండెపోటు లాంటి అత్యవసర స్థితిలో వచ్చిన 3,505 మంది మీద చైనా, ఇటలీ, పాకిస్తాన్, బ్రిటన్‌లలో జరిపిన అధ్యయనం 2024లో వచ్చింది. ఏడాదిలో వైఫల్యం ఐవస్‌తో చూసి వేసినవారిలో 4.0 శాతం, యాంజియోతోనే వేసినవారిలో 7.3 శాతం. అదే ఏడాది హృద్రోగ నిపుణుడు గ్రెగ్ స్టోన్ బృందం 22 అధ్యయనాల్లోని 15,964 మంది వివరాలను కలిపి లెక్కగట్టింది. లోపలి చూపుతో స్టెంట్ వేసిన చోట విఫలమయ్యే ప్రమాదం 29 శాతం, ఏ కారణంతోనైనా మరణించే ప్రమాదం 25 శాతం తక్కువ. ఈ ఆధారాలతోనే 2024లో యూరప్ హృద్రోగ సంఘం, 2025లో అమెరికా సంఘాలు క్లిష్టమైన పూడికలకు లోపలి చిత్రణను తమ అత్యున్నత స్థాయి సిఫార్సుల్లో చేర్చాయి.

అభ్యంతరాలు లేకపోలేదు, వాటిలో బరువైనవీ ఉన్నాయి. మొదటిది: అన్ని అధ్యయనాలూ గెలవలేదు. 2023లోనే వచ్చిన ఇల్యుమియన్-4 అధ్యయనంలో 2,487 మంది మీద ఓసీటీని పరీక్షించారు. రెండేళ్లకు నాళ వైఫల్యం ఓసీటీ గుంపులో 7.4, యాంజియో గుంపులో 8.2 శాతం. ఆ తేడా కాకతాళీయం కావచ్చు. నిజమే. కానీ ఆ అధ్యయనంలోనే స్టెంట్ వైశాల్యం ఓసీటీ గుంపులో ఎక్కువ వచ్చింది, స్టెంట్‌లో గడ్డకట్టడం 1.4 శాతం నుంచి 0.5 శాతానికి తగ్గింది. స్టెంట్‌లో గడ్డ అంటే చాలాసార్లు ప్రాణాంతకమైన గుండెపోటు. ఒక్క అధ్యయనం ముఖ్య లెక్కలో తేల్చలేకపోయినంత మాత్రాన మిగతావాటన్నిటినీ పక్కన పెట్టడం న్యాయం కాదు. రెండో అభ్యంతరం ఇంకాస్త సూక్ష్మమైంది: ఏ గుంపువారికి చూసి వేశారో వైద్యుడికి తెలుసు కాబట్టి, మళ్లీ చికిత్స చేయాలా వద్దా అన్న నిర్ణయంలో ఆ ఎరుక పనిచేసి ఉండవచ్చు. మళ్లీ చికిత్సల లెక్క విషయంలో ఇది ఒప్పుకోవాల్సిందే. మరణం విషయంలో మాత్రం ఏ వైద్యుడి అభిప్రాయమూ లెక్కను మార్చదు. కలిపి కట్టిన లెక్కలో తగ్గినవాటిలో మరణాలూ ఉన్నాయి.

అనుభవమున్న వైద్యుడి కన్ను చాలదా అన్నది మూడోది, గౌరవంగానే అడిగేది. కన్నుకు లోపం లేదు, కంటికి చూపించిన బొమ్మలో లోపముంది. నీడను ఎంత నేర్పరి చూసినా నీడే కదా. ఆ మాటకొస్తే చూపు దానంతటది ఏ స్టెంట్‌నూ విప్పదు కూడా. చైనాలో 1,448 మందితో జరిగిన అల్టిమేట్ అధ్యయనం ఇక్కడ కళ్లు తెరిపిస్తుంది. ఐవస్ చేసినవారిలోనూ వైశాల్యం, కొనలు, చిట్లడం అనే మూడు కొలతలూ సరిగ్గా సాధించినవారికి ఏడాదిలో వైఫల్యం 1.6 శాతం. చూసి కూడా సాధించలేకపోయినవారికి 4.4 శాతం. సాధించలేకపోయినవారి ధమనులు మొదటి నుంచీ మొండివై ఉండవచ్చు, ఆ తేడా మొత్తాన్నీ పనితనానికే కట్టబెట్టలేం. అయినా చూసి, కొలిచి, చాలకపోతే మళ్లీ బెలూన్ ఊదే ఓపిక ఉంటేనే ఆ చూపుకు విలువ. పరికరం కొన్న ఆసుపత్రి ఆ బొమ్మలు చదవడం నేర్పే శిక్షణ మీదా అంతే ఖర్చు పెట్టాలి.

ఇక ఖర్చు. ఈ ప్రాంతం చరిత్ర ఇక్కడే వాదనలోకి వస్తుంది. ఒకప్పుడు స్టెంటే పేదవాడికి అందనిది. 1990లలో హైదరాబాద్‌లో గుండె వైద్యుడు బి. సోమరాజు, అప్పటి రక్షణ శాస్త్రవేత్త ఏ.పి.జె. అబ్దుల్ కలాం కలిసి తక్కువ ధర స్టెంట్‌ను రూపొందించారు; కలాం-రాజు స్టెంట్ అన్న పేరు అలా వచ్చింది. ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న మొదలైంది మూడు జిల్లాల్లో. వాటిలో మహబూబ్‌నగర్ ఒకటి. కొల్లాపూర్ అప్పట్లో ఆ జిల్లాలోనిదే, 2016 నుంచి నాగర్‌కర్నూల్ జిల్లాలోది. అంటే గుండె చికిత్స కార్డు మీద ఉచితంగా అందడం రాష్ట్రంలో మొదట చూసినవాళ్లలో ఇక్కడి రైతులు, కూలీలు ఉన్నారు. 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందు పూత స్టెంట్ గరిష్ఠ ధరను 29,600 రూపాయలకు దించింది; అంతకుముందు అదే స్టెంట్ లక్ష దాటి అమ్ముడుపోయేది. వస్తువు చవకైంది, చికిత్స చేతికందింది. ఇక మిగిలింది ఆ వస్తువును సరైన చోట, సరైన కొలతకు అమర్చడం. ఒక్కసారి వాడి పారేసే స్కానర్ గొట్టం ఖరీదు వేలల్లో ఉంటుంది. కొన్నిచోట్ల స్టెంట్‌నే మించుతుంది. అందుకే ఇది అదనపు హంగుగా కనిపిస్తుంది. కొరియా అంకెలతో లెక్క కట్టి చూడండి. నూరు మందిలో నాలుగున్నర మందికి పైగా గండం తప్పింది, అంటే సుమారు 22 మందికి స్కాన్ చేస్తే ఒకరికి మరణమో గుండెపోటో మళ్లీ చికిత్సో తప్పినట్టు. ఇది క్లిష్టమైన పూడికలున్నవారి లెక్క. సూటిగా, పొట్టిగా, ఒక్కటే పూడిక ఉన్నవారికి లాభం తక్కువ, వారందరికీ స్కాన్ చేయాలని నేను అనను. ఎడమ ప్రధాన ధమని, చీలిక దగ్గరి పూడిక, పొడవాటి పూడిక, సున్నం పట్టింది, పాత స్టెంట్‌లోనే మూసుకుపోయింది: వీటికి ప్రభుత్వ ప్యాకేజీలో చిత్రణ ఖర్చును విడిగా చేర్చి, తీసిన చిత్రాలు చూపితేనే చెల్లించాలి. జపాన్‌లో బీమా ఆ ఖర్చు భరిస్తుంది కాబట్టే అక్కడ పదింట ఎనిమిది స్టెంట్లకు పైగా లోపల చూసే వేస్తారు. స్టెంట్ ధరకు హద్దు పెట్టగలిగిన దేశం ఆ గొట్టం ధరకూ పెట్టగలదు.

దూరం సంగతి విడిగా చెప్పుకోవాలి. గుండెపోటు వచ్చినప్పుడు నిమిషాలు లెక్కపెట్టాలి, అప్పుడు స్కానింగ్ అంటూ ఆలస్యమా అని అడగవచ్చు. మూసుకున్న నాళాన్ని ముందు తీగతో, బెలూన్‌తో తెరిచి రక్తం పారనిచ్చాక చూస్తారు కాబట్టి ఆ నిమిషాలు పోవు. కొల్లాపూర్ విషయంలో ఇంకో సంగతి ఉంది. నాగర్‌కర్నూల్, బిజినేపల్లి, జడ్చర్ల దాటి హైదరాబాద్ చేరేసరికి రెండు గంటలు మించుతుంది. రెండు గంటల్లో స్టెంట్ వేసే చోటికి చేరలేని రోగికి దగ్గరి ఆసుపత్రిలోనే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చి పంపాలన్నది నియమం. అది పనిచేస్తే యాంజియో 2 నుంచి 24 గంటల మధ్య చేస్తారు. అంటే ఇక్కడి రోగి చాలాసార్లు చూసి కొలిచి చేయడానికి వ్యవధి ఉన్న రోగి. ఇంటికి వచ్చాక మాత్రం అతనికి ఆ వ్యవధి ఉండదు. స్టెంట్‌లో గడ్డ కడితే పట్నంలోని వాడు అరగంటలో క్యాథ్ ల్యాబ్‌లో ఉంటాడు. కృష్ణ ఒడ్డున సోమశిల దగ్గరి పల్లెలోనో, నల్లమల అంచు పెంటలోనో ఉన్నవాడి పరిస్థితి అది కాదు. నెలనెలా చెకప్‌కు వచ్చే స్తోమత, కూలి మానుకునే వీలు కూడా అతనికి తక్కువ. పైగా మన దక్షిణాసియా వాళ్లకు గుండెపోటు వచ్చే వయసే చిన్నది. 52 దేశాల ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో మొదటి గుండెపోటు సగటున మనవాళ్లకు 53 ఏళ్లకు, మిగతావారికి దాదాపు 59 ఏళ్లకు వచ్చింది. 53 ఏళ్లకు వేసిన స్టెంట్ చాలా ఏళ్లు మోయాలి. షుగర్‌తో మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి ఐవస్ మరో మేలు చేస్తుంది. దానికి మందు చిమ్మనక్కర్లేదు, నేర్పుగా వాడితే మూత్రపిండాలకు భారమైన ఎక్స్‌రే మందునూ తగ్గించవచ్చు.

డబ్బు పెద్దగా అక్కర్లేని పని ఒకటి ఇప్పుడే చేయవచ్చు. డిశ్చార్జి కాగితంలో స్టెంట్ కంపెనీ పేరు, పొడవు, వ్యాసం రాసే చోటే ఇంకో గడి ఉండాలి: లోపల చూశారా, చూస్తే స్టెంట్ అన్నిటికన్నా ఇరుకైన చోట వైశాల్యం ఎన్ని చదరపు మిల్లీమీటర్లు. ఐవస్‌లో అయిదున్నర, ఓసీటీలో నాలుగున్నర దాటితే మామూలు ధమనుల్లో తృప్తికరమని వైద్యులు సాధారణంగా పెట్టుకున్న గీత. ఆ ఒక్క అంకె ఉంటే, ఆర్నెల్ల తర్వాత ఛాతీలో నొప్పితో ఆ కాగితం పట్టుకుని వచ్చిన మనిషిని కొల్లాపూర్ డాక్టర్ మందు మార్చి చూడవచ్చా, రాత్రికి రాత్రే అంబులెన్స్ ఎక్కించాలా అని తేల్చుకునేటప్పుడు చేతిలో ఒక ఆధారం ఉంటుంది.